మా ఆయన దగ్గిన పేజీలు

“ఇంతకు ఆమె బస్సు దిగిందా లేదా?” అని నేను అడిగాను.

“రేపు చదువుత. ముందు ఆ కూర దించు, అడుగంటుతున్నది,” అన్నాడు మా ఆయన ఎల్లయ్య.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మర్నాడు పొద్దున నేను నల్లా దగ్గర లైనులో ఉండగానే ఆయన సైకిలెక్కి పుస్తకాలు మోసే పనికి పోయాడు. కొత్తగూడ చౌరస్తాలో చాయ్ చెప్పి బెంచీ మీద కూర్చున్నాడు. చాయ్ వచ్చేసరికి కూర్చున్నచోటే ప్రాణం పోయింది. ముందురోజు కూర మాడలేదు, నేను సమయానికే దించాను. ఆయన చదువుతున్న పుస్తకంలోని ఆడమనిషి మాత్రం సంచి ఒళ్లో పెట్టుకుని బస్సులోనే కూర్చుండిపోయింది. ఆమెను దించడానికే నేను ఈ పనిలో చేరాను. దుఃఖం తీరడానికని జనం అనుకున్నారు, అనుకోనిచ్చాను.

నా పేరు సత్తెమ్మ. లైబ్రరీ నుంచి ఆడవాళ్ల నవలలు ఇంటింటికీ మోసే పని చేసి మోకాళ్లు అరిగి మానేశాను. ఇప్పుడు అదే లైబ్రరీలో మా చెల్లె మనవరాలు స్రవంతికి పని దొరికింది, సోమవారం చేరుతుంది. ఫోన్లో ఆర్డరు వస్తుందట, బండి మీద తీసుకెళ్లి ఇచ్చి రావడమేనట. అంతే పని అనుకుంటోంది. కాదని చెప్పడానికే ఇది. నేను చెబుతున్నాను, ఆమె రాస్తోంది. నా మాటలకు ఇస్త్రీ చేసి మరీ రాస్తోంది, చేసుకోనీ. మనుషులు మాట్లాడుకునే చోట మాత్రం ముడతలు అలాగే ఉంచమన్నాను.

సంచిలో ఏముండేది

కొత్తగూడ వెనక గల్లీలో ఒక్క షట్టరు దుకాణం మా లైబ్రరీ. యజమాని సుభాషిణి మేడం గోదావరి వైపు మనిషి, బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. ఆమె పెట్టేవి ఒక్క రకం పుస్తకాలే. ఆడమనిషి తనకేం కావాలో తెలుసుకోవడానికి మూడు వందల పేజీలు తీసుకునే నవలలు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఒక్క మాటలో అడిగితే అయిపోయేదానికి ఇంత కాగితమా అనుకునేదాన్ని. నాలుగు నెలలు అపార్ట్‌మెంట్ల మెట్లెక్కాక తెలిసింది, ఆ ఒక్క మాట నోట్లోంచి రావడానికే రెండు వందల తొంభై పేజీలు పడుతుందని.

మేడం పుస్తకాలన్నిటికీ ఒకే రకం మట్టిరంగు గుడ్డ అట్ట వేయించేది. పైన పేరు ఉండదు, వెనక నంబరు మాత్రమే. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి బొమ్మ ఉన్న పుస్తకం అత్తగారి ముందు అందుకోవడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? మట్టిరంగు అట్ట చూస్తే లెక్కల పుస్తకమో మంత్రాల పుస్తకమో అనుకుంటారు. పెద్ద పెద్ద ఆఫీసుల గేట్ల దగ్గర సెక్యూరిటీ వాళ్లు నా సంచిని మిషన్లో పెట్టి తిప్పేవాళ్లు.

“ఏముంది అమ్మా లోపల?” అని ఒకడు అడిగాడు.

“ఆడోళ్ల బాధలు బిడ్డా.”

“ఇన్ని కిలోలా?” అని సంచి లేపి చూసి, “పోనీ, పో,” అన్నాడు.

ఆ అట్టల వల్లే నా బండి నడిచింది. ఎందుకంటే నాకు చదవడం రాదు. అంకెలు వచ్చు, నా సంతకం వచ్చు, లింగంపల్లి పోయే బస్సు నంబరు గుర్తు పట్టడం వచ్చు. మా ఆయన దినాలయ్యాక మేడం మా ఇంటికి వచ్చి, “ఎల్లయ్య పని నువ్వు చేస్తావా సత్తెమ్మా? చదవడం వచ్చు కదూ?” అని అడిగింది. “వస్తది మేడం,” అన్నాను. ఉద్యోగంలో నా మొదటి మాట అబద్ధం. చేరేవాళ్లకు అది మంచిదని చెప్పను, పని చేసిందని మాత్రం చెబుతాను.

ఆయన దగ్గు

ఎల్లయ్య ఏడో తరగతి దాకా చదివాడు. సాయంత్రం నేను పొయ్యి దగ్గర ఉంటే పక్కన పీట వేసుకుని నవల చదివి వినిపించేవాడు. మిగతా మగవాళ్లు ఆ టైముకు కల్లు దుకాణంలో ఉండేవాళ్లు. మా ఆయన ఎవరో ఒక ఆడమనిషి కష్టాల్లో ఉండేవాడు.

ఆ ఆఖరి పుస్తకానికి అట్ట లేదు. బైండింగుకు వెళ్లే కట్టలోంచి తెచ్చాడు. అందులో ఆమె అచ్చం నాలాగే మాట్లాడేది. “నాకేం గావాల్నో ఒక్కలన్న అడిగిండ్రా? సచ్చినంక పిండం కాడ అడుగుతరు, అది గూడ కాకులను,” అని మొగుడితో అంటే నేను గరిటె పక్కన పెట్టి నవ్వాను. మా మాట మాట్లాడే ఆడమనిషి పుస్తకంలోకి ఎక్కడం నేను వినడం అదే మొదలు.

మూడుసార్లు చదువుతూ చదువుతూ ఆయనకు దగ్గు వచ్చింది. పుస్తకం బోర్లించి, లేచి, నీళ్లు తాగి, వచ్చి కూర్చుని, పేజీ తిప్పి చదివేవాడు. నాకు భయమేసి సర్కారు దవాఖానకు తీసుకుపోయాను.

“దగ్గు ఎప్పుడెప్పుడు వస్తుంది?” అని డాక్టరమ్మ అడిగింది.

“పుస్తకం చదివేటప్పుడు,” అన్నాను.

“పాత పుస్తకాల దుమ్ము,” అని చేదు సిరప్ రాసింది. ఆయన వారం రోజులు పొద్దున ఒక మూత, సాయంత్రం ఒక మూత మారుమాట లేకుండా తాగాడు. తాగేటప్పుడు నా ముఖం చూసేవాడు కాదు.

రెండోసారి దగ్గిన మర్నాడు ఇంకో వింత. ఆదివారం మధ్యాహ్నం కొబ్బరినూనె సీసా పట్టుకుని వచ్చాడు. పుస్తకం చంకలో ఉంది.

“కాళ్లు చాపు,” అన్నాడు.

“ఎందుకు?”

“మడమలు పగిలినయ్ చూడు.”

“పెండ్లయిన కాణ్నుంచి పగిలే ఉన్నయ్. తాగినవా?”

తాగలేదన్నాడు. రెండు మడమలకూ నూనె రాసి, చేతులు తుడుచుకోకుండానే పుస్తకం తీసుకుని బయటికి పోయాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఆయన పోయాక ఆ అట్టలేని కట్ట మేడం దగ్గరికి చేరింది, అక్కడి నుంచి బైండరు దగ్గరికి పోయింది. తిరిగి వచ్చేసరికి అన్నీ మట్టిరంగు, అన్నిటికీ కొత్త నంబర్లు. మిగతా పుస్తకాల్లో కలిసిపోయాయి. ఏది ఏదో చూసి చెప్పమని మేడాన్ని అడగలేను. నువ్వే తెరిచి చదువుకో అంటే నా పని పోతుంది, పనితో పాటు పుస్తకమూ పోతుంది.

అంచు చూసి ఇవ్వడం

ఇప్పుడు అసలు విద్య చెబుతాను. పుస్తకం మూసి, అట్ట వైపు కాకుండా పేజీల అంచు వైపు వెలుతురుకు పట్టి చూడాలి. ఎక్కువమంది ఎక్కువసేపు వేలు పెట్టిన చోట అంచు మీద నల్లటి గీత పడుతుంది. చెమట, వంటింటి చేతులు, కాటుక. చదువుకున్నవాళ్లు అట్ట వెనక పొగడ్తలు చదివి పుస్తకం ఎంచుకుంటారు, ఆ పొగడ్తలు అమ్మేవాళ్లవి. అంచు అబద్ధం చెప్పదు. మొదటి పది పేజీలు నల్లగా ఉండి తర్వాత తెల్లగా ఉంటే ఆ పుస్తకం ఎవరూ చదవలేదు, చదివామని చెప్పుకున్నారు. అలాంటివి సంచి అడుగున పెట్టాలి.

దీంతో నాకు పేరొచ్చింది. సత్తెమ్మ ఇచ్చిన పుస్తకం తప్పు పోదు అనేవాళ్లు. తప్పు పోయింది ఒకటుంది, అదే చెబుతాను.

కొండాపూర్‌లో ఐదో అంతస్తులో ప్రసన్న అని అనంతపురం అమ్మాయి. మొగుడు సాఫ్ట్‌వేరు, అత్త ఇంట్లోనే. పుస్తకం రాగిపిండి డబ్బాలో దాచేది. తిరిగి ఇచ్చేటప్పుడు దులుపుకుని తెచ్చుకోవాలి. ఒకరోజు తలుపు సగం మూసి, గొంతు తగ్గించి అడిగింది.

“అక్కా, రవంత అట్లాంటిది ఏమన్నా ఉంటే తీసకరా.”

“ఎట్లాంటిది?”

“అట్లాంటిదే అక్కా.”

అర్థమైంది. లైబ్రరీ అంతా వెతికి అన్నిటికంటే నల్లటి గీత ఉన్న పుస్తకం తెచ్చి ఇచ్చాను. “మొదట్నుంచి సదవకు, పొద్దుబోతది. గీడ నల్లగున్నది చూడు, సక్కగ గాడ తెరువు,” అని చెప్పాను. నా విద్య మీద నాకు అంత గర్వం.

వారానికి పోతే ఆమె ముఖం అదోలా ఉంది.

“ఏముందక్కా దాంట్లో? ఒకామె గది అద్దెకు తీసుకుంటాది. ‘ఇది నాకు చాలండి’ అంటాది ఇంటామెతో. ఒక కంచం, ఒక గ్లాసు కొనుక్కుంటాది. టమాటా పప్పు చేసుకోని, కారం తనకెంత కావాల్నో అంత యేసుకోని, చాప మింద ఒరిగి తింటాది. అంతే.”

సిగ్గేసింది. “తప్పయింది బిడ్డా, మార్చి ఇంకోటి ఇస్త,” అని చెయ్యి చాపాను.

ప్రసన్న పుస్తకాన్ని గుండెకు అదుముకుంది. “మార్చొద్దు. ఇంగో వారం ఉండనీ. నాలుగుసార్లు సదివినా, ఇంగా ఆకలి తీరలే.”

ఆ గీత ఎంతమంది వేళ్లతో నల్లబడిందో మెట్లు దిగుతూ ఆలోచించాను. ఇంత నలుపు మంచం దగ్గర పడుతుందనుకున్నాను, కంచం దగ్గర పడింది. ఆడవాళ్ల కోరిక అనగానే మనకు ఒక్కటే తడుతుంది, నాకూ అంతే తట్టింది. స్రవంతీ, నువ్వు ఈ తప్పు చెయ్యకు. ఎవరైనా అట్లాంటిది కావాలంటే, ఎట్లాంటిదో వాళ్లకే సరిగ్గా తెలియదని గుర్తు పెట్టుకో.

ఇంకో తప్పు కూడా అక్కడే చేశాను. అది తర్వాత తెలిసింది.

బస్సులో ఆమె గురించి నేను అడిగితే చెప్పినవి

ఏ ఇంటికి పోయినా నెమ్మదిగా కదిపేదాన్ని. “ఒక పుస్తకం ఉంటదమ్మా, ఒకామె సంచి పట్టుకుని బస్సెక్కుతది. నా తీరు మాట్లాడుతది. తర్వాత ఏమైతది?” ఆ నవలల్లో సంచి పట్టుకుని బస్సెక్కని ఆడమనిషి ఎవరు? ప్రతి ఒక్కరూ తెలుసన్నారు, ప్రతి ఒక్కరూ ఒక ముగింపు చెప్పారు.

కొత్తగూడలో భీమవరం వాళ్ల కోడలు శారద గారు పప్పు రుబ్బుకుంటూ, “ఏం దిగుతుందండి? ఆఖరు స్టాపు దాకా వెళ్లి అదే బస్సులో వెనక్కొచ్చేస్తుంది. గ్యాస్ కట్టానో లేదోనని అనుమానం వచ్చుంటుంది,” అంది.

హాస్టల్లో ఉండే అమ్మాయి ఒకతె ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా, “దిగే ఉంటుంది ఆంటీ. దిగి, జాబ్ చూసుకుని, వాళ్లాయన నంబర్ బ్లాక్ చేసేసుంటుంది,” అంది.

ప్రసన్నను కూడా అడిగాను. చాలాసేపు ఆలోచించింది. “దిగలేదక్కా. నిద్రపోయింటాది. కిటికీ పక్కన సీటు, పిలిచేవాళ్లు ఎవురూ లేరు. ఎట్ల దిగుతాది?”

ఎవరి ముగింపు వింటే వాళ్లింటి సంగతి తెలిసిపోయేది. నా బస్సు సంగతి మాత్రం తెలియలేదు. పైగా అందరూ ఒక మాట అనేవాళ్లు. నీలాగా మాట్లాడే ఆడమనిషి మేడం పుస్తకాల్లో ఎక్కడుంది సత్తెమ్మా, అందరూ ‘అండి’ అనేవాళ్లే కదా అని. ఏడాది తిరిగింది.

షట్టరు సగం దించిన రోజు

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. వారానికో బంద్. బంద్ రోజున బస్సులుండవు, లోకల్ రైళ్లుండవు, పుస్తకాలకు మాత్రం గిరాకీ ఉండేది. ఇళ్లలో ఇరుక్కున్న ఆడవాళ్లకు ఇంట్లోనే ఉన్న మగవాళ్ల నుంచి తప్పించుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

ఒక బంద్ రోజు నేను నడుచుకుంటూ దుకాణానికి వచ్చాను. మేడం షట్టరు సగం దించి లోపల ర్యాకుల వెనక కూర్చుంది. నేను బయట మెట్టు మీద సంచి పెట్టుకుని కూర్చున్నాను. కండువాలు వేసుకున్న కుర్రాళ్లు నలుగురు వచ్చారు. అందులో పెద్దవాడు బోర్డు చూసి నా వైపు తిరిగాడు.

“పెద్దమ్మా, ఇది ఆంధ్రోళ్ల దుకాణమా?”

“షట్టర్ మన లింగన్నది. కిరాయి మేడంది. మోసేది నేను. నీకు ఏ ముక్క కావాలె?”

వెనక ఇద్దరు నవ్వారు. అతను నవ్వలేదు.

“లోపట ఏమున్నయ్?”

“ఆడోళ్ల కతలు.”

“ఎవల కతలు? అన్నీ వాళ్ల భాషనే గద. మన మాట మాట్లాడేటి ఆడిది ఉంటదా ఒక్క దాంట్లనన్న? ఉంటే జర సదువు, ఇంట,” అని నా సంచిలోంచి ఒక పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు.

ఏడాదిగా నేను అడుగుతున్న ప్రశ్నే అది. కోపం రావాల్సింది పోయి, వాడి మీద నాకు గురి కుదిరింది. కాని చేతిలో ఉన్నది పుస్తకం, వెనక ఉన్నది మేడం, నాకు రానిది చదువు. పుస్తకం తెరిచాను. ఎల్లయ్య చదివినట్టే వేలు పెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. కాకుల మాట చెప్పాను. ఆమె చీరలు తీసి పెట్టె మీద పెట్టి, మళ్లీ తీసి, ఒక్క చీరే సంచిలో వేసుకోవడం చెప్పాను. బస్సెక్కించాను. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. అక్కడ ఆగిపోయాను.

“దిగిందా?” అని అతను అడిగాడు.

“సదువుకుంటే తెలుస్తది.”

అతను పుస్తకం తీసుకున్నాడు. “మన మాటనే. మా ఇంటిదానికి కావాలె. నంబర్ రాసుకో. నేనే తీస్కపోయిన అని ఎవలకు చెప్పకు,” అన్నాడు. జై కొట్టుకుంటూ ముందుకు పోయారు. మా షట్టరు మీద చెయ్యి పడలేదు.

మేడం షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చింది.

“సత్తెమ్మా, నువ్వు వాడికిచ్చింది నవల కాదు. బైండింగు చేయించుకున్న నా హోమియోపతి పుస్తకం.”

నేను సంచి మూతి ముడి వేశాను.

“నీకు చదవడం రాదు కదూ?”

“రాదు మేడం. మీకు గిప్పుడు తెలిసిందా?”

“మొదటి వారమే తెలిసింది. రిజిస్టర్లో అందరూ పేరు దగ్గర వేలు పెడతారు, నువ్వు నంబరు దగ్గర పెడతావు. కాని చందాదార్లందరూ నిన్నే పంపమంటున్నారు, నేనేం చెయ్యను?”

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మేడం చాదస్తం మనిషి. సంచి తడిస్తే మూడు రోజులు సణిగేది, మంచి మాట ఏడాదికి ఒక్కటి కూడా అనేది కాదు. కాని నా గుట్టు ఏడాది పాటు తన దగ్గర పెట్టుకుని నన్ను పనిలో ఉంచింది. పై అధికారిని తిట్టుకునే ముందు, మీ గుట్లలో ఎన్ని అతను దాచిపెట్టాడో ఒకసారి ఆలోచించండి.

ఆ హోమియో పుస్తకం తర్వాత తిరిగి వచ్చింది. “కత సమజ్ కాలేదంట గాని, మా ఇంటిదాని మోకాలు నొప్పి తగ్గింది,” అన్నాడు ఆ అబ్బాయి. సరే, ఆరోజు సంగతికి వస్తాను.

మేడం నా పక్కన మెట్టు మీద కూర్చుంది. “అచ్చం ఎల్లయ్యలా చదివావు,” అంది.

“ఆయన చదవంగ మీరెప్పుడు విన్నరు?”

“చాయ్ కొట్టు దగ్గర వాళ్లకు చదివి వినిపిస్తుంటే విన్నాను. మా వైపు ఆడవాళ్లనందర్నీ మీ మాటలోకి మార్చేసేవాడు. పుస్తకంలో ‘ఏవండీ’ అని ఉంటే ‘ఏందయ్యా’ అనేవాడు. రాసినావిడ వింటే ఏడ్చేది.”

ఏడాదిగా నాలా మాట్లాడే ఆడమనిషి కోసం వెతుకుతున్నాను. ఆమె మేడంలా మాట్లాడుతూ, నా సంచిలోనే నాతో పాటు మెట్లెక్కుతూ ఉండి ఉండాలి. మొత్తం చెప్పేశాను. బస్సు, కూర, అబద్ధం, అన్నీ.

“బస్సెక్కిన ఆడవాళ్లు నా దగ్గర చాలామంది ఉన్నారు సత్తెమ్మా. గుర్తేమైనా ఉందా?”

“మూడు దగ్గులున్నయ్ మేడం,” అన్నాను.

నాలుగో నలుపు

బంద్ కాబట్టి ఎవరూ రారు. పుస్తకాలన్నీ చాప మీద పరిచి, బియ్యంలో రాళ్లు చూసినట్టు ఒక్కొక్కటి వెలుతురుకు పట్టాం. ఆయన సగం దాకే చదివాడు, ఆయన దగ్గి దాటేసిన చోటే మిగతావాళ్లు ఆగి ఉంటారు, కాబట్టి సగానికి లోపు మూడు గీతలు ఉన్న పుస్తకం కావాలి. అంచు సంగతి విన్న మేడం తన హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు పైకి నెట్టి, “ఇన్నేళ్లు పుస్తకాలు లోపలే చూశాను,” అంది. మధ్యాహ్నానికి మూడు దొరికాయి. రెంటిలో ఏమీ లేదు. మూడోదాన్ని మధ్య గీత దగ్గర తెరిస్తే పేజీ మీద వేలిముద్ర అంత నూనె మరక. వాసన చూశాను. కొబ్బరినూనె.

ఆ పుస్తకానికి గీతలు మూడు కాదు, నాలుగు. నాలుగోది సగం దాటాక, అన్నిటికంటే నల్లగా. పేజీల మధ్య నుంచి రాగిపిండి రాలింది.

మేడం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. నిజమే, అందులో ఆమె ‘ఏవండీ’ అనే అంటుంది. కాకుల మాట అసలు లేదు, అది మా ఆయన సొంతం. మొదటి నలుపు దగ్గరికి వచ్చేసరికి మేడానికి దగ్గు వచ్చింది.

“మేడం, మీకు గూడ సిరప్ కావాల్నా?”

“అది కాదు సత్తెమ్మా, ఇక్కడ కొంచెం...”

“సదువుండ్రి. ఆయన ఎగ్గొట్టిండు, మీరు ఎగ్గొట్టకుండ్రి.”

గోడ వైపు తిరిగి కూర్చుని చదివింది. మొదటి నలుపులో ఆమె లైటు ఆర్పొద్దంటుంది. అంతే. ఇంత మాటకు దవాఖాన దాకా పోయామా అనుకున్నాను. రెండో నలుపులో, మొగుడు చెయ్యి వేయబోతే, “అలా కాదు, మడమ దగ్గర మొదలుపెట్టండి,” అంటుంది ఆమె. అక్కడి నుంచి ఒకటిన్నర పేజీ ఉంది. మేడం గొంతు సన్నగిల్లిపోయింది కాని ఆపలేదు.

ఆ పేజీ మీదే నూనె మరక.

మా ఆయన మడమ దగ్గర మొదలుపెట్టాడు. నేను తాగినవా అన్నాను. ఆయన అక్కడే ఆగిపోయాడు.

మేడం చదవడం ఆపి నీళ్లు తెచ్చి ఇచ్చింది. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో ఆమెకు తెలియలేదు, నాకూ తెలియలేదు. మూడో నలుపులో ఏముందో ఇప్పుడు చెబుతుంటే స్రవంతి నీళ్లు తాగి వస్తానని లేచింది. వచ్చి, ‘ఆమె అడిగింది, అతను విన్నాడు’ అని రాశానంది. నేను చెప్పింది అంతకంటే ఎక్కువే.

తర్వాత బస్సు వచ్చింది. ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. నేను మేడం పెదాల వైపే చూస్తున్నాను. మేడం పేజీ తిప్పింది. కొత్త అధ్యాయం. ఆమె ఒక గదిలో నిలబడి, ఇంటామెతో, “ఇది నాకు చాలండి,” అంటోంది.

“ఆగుండ్రి. దిగింది ఏది?”

మేడం ముందుకూ వెనక్కూ చూసింది. పేజీ చిరగలేదు, నంబర్లు సరిగ్గా ఉన్నాయి. “దిగినట్టు రాయలేదు సత్తెమ్మా. గదిలో ఉందంటే దిగినట్టే కదా.”

తర్వాత ఒక కంచం, ఒక గ్లాసు, టమాటా పప్పు. ప్రసన్న నాలుగుసార్లు చదివిన పేజీ. నేను వెతుకుతున్న సంగతి ఆమె ఎప్పుడో నాకు చెప్పేసింది. ‘అండి’ అన్నది కాబట్టి ఈమె నా మనిషి కాదనుకున్నాను. ముందు నుంచి చదవొద్దని ప్రసన్నకు నేర్పింది నేనే కాబట్టి ఆమెకు బస్సు సంగతే తెలియదు. నా విద్యే నాకు అడ్డం పడింది. అంచు చూసి పుస్తకం ఇవ్వండి, కాని నలుపు దగ్గరే తెరవమని ఎవరికీ చెప్పకండి. ఈ పనిలో నేను నేర్చుకున్నది మొత్తం ఇంతే.

“ఎల్లయ్య ఉంటే దింపేటోడు మేడం,” అన్నాను.

“రాసి లేనిదాన్నా?”

“కాకులను తెచ్చినోడు, ఆమెను దింపకపోవునా?”

మర్నాడు బస్సులు నడిచాయి. ఆ పుస్తకం తీసుకుని కొండాపూర్ పోయి ప్రసన్న చేతిలో మళ్లీ పెట్టాను. ఈసారి మొదటి నుంచి చదవమన్నాను. ఆమె అక్కడే తలుపు దగ్గర నిలబడి, “ఈమేనా నువ్వడిగే బస్సామె? ఎట్ల దిగింది?” అని అడిగింది. చెప్పాను. లింగంపల్లిలో దిగింది. ఒక చెప్పు తెగితే రెండూ చేత్తో పట్టుకుని, పగిలిన మడమలతో నడుచుకుంటూ పోయింది. వెనక్కి ఒక్కసారి చూసింది, ఎవరైనా వస్తున్నారా అని కాదు, సంచి మర్చిపోయానా అని. అప్పటి నుంచి మోకాళ్లు పోయేదాకా ఆ పుస్తకం ఎవరికిచ్చినా ఆ ఒక్క ముక్క నేనే నోటితో చెప్పి ఇచ్చాను. ఇప్పుడు ఆ పుస్తకం లైబ్రరీలోనే ఉంది, బస్సు దగ్గర కూడా ఐదో నలుపు పడింది. అక్కడ చదవడానికి ఏమీ లేదు. అయినా పడింది.

స్రవంతీ, అయిపోయింది. ఇగ మొదట్నుంచి చదివి వినిపించు బిడ్డా. నా మాట ఉన్న కాడ నా మాటనే చదువు. దగ్గొస్తే దగ్గు, నీళ్లు తాగి రా, నేను ఆగుత. పేజీ మాత్రం తిప్పకు.